కౌన్సెలర్ మాటను ఎవరు వింటారు?

మద్యానికో మరో మత్తు పదార్థానికో బానిసైన మనిషికి సాయపడవలసిన వృత్తులు ఒకటీ రెండూ కావు. డీఅడిక్షన్ కేంద్రంలోని కౌన్సెలర్, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని నర్సు, పెద్దాసుపత్రిలోని సామాజిక కార్యకర్త, నేరం చేసి షరతుల మీద బయట ఉన్నవారి నడవడిని గమనించే ప్రొబేషన్ అధికారి, ఊళ్లో ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్త, వీరందరూ ఏదో ఒక రోజున తాగుడు మానలేకపోతున్న మనిషికి ఎదురుగా కూర్చోవలసినవారే. ఆ కాసేపట్లో వారు ఏం మాట్లాడారు, ఎలా మాట్లాడారు అన్నదాన్ని బట్టే ఆ మనిషి మళ్లీ వస్తాడా రాడా అన్నది చాలావరకు తేలిపోతుంది. అయినా వీరికిచ్చే శిక్షణలో ఎక్కువ భాగం సమాచారంతోనే గడిచిపోతుంది. మత్తు పదార్థాల రకాలు, మెదడు మీదా కాలేయం మీదా వాటి ప్రభావం, చట్టాలు, పథకాలు రెండు మూడు రోజుల పాటు తెర మీద చూపించి, చివరి సాయంత్రం సర్టిఫికెట్లు పంచితే శిక్షణ పూర్తయినట్టు లెక్క. ఆ తరువాత ఆ కౌన్సెలర్ తలుపు వేసుకుని లోపల ఏం మాట్లాడుతున్నదీ వినేవారంటూ ఉండరు. వ్యసన చికిత్సలో శిక్షణ అనేది అసలు మొదలుకావలసింది అక్కడేనని ఈ కాలమ్ అభిప్రాయం.

సాయం చేయాలన్న మంచి మనసుతో వచ్చినవారిలోనే ఒక బలమైన అలవాటు ఉంటుంది. ఎదుటివాడు తప్పుదారిలో ఉన్నాడని కనబడగానే అతన్ని వెంటనే సరిచేయాలన్న తొందర అది. తాగుడుకు బానిసైన మనిషి సాధారణంగా ఊగిసలాటలో ఉంటాడు; మానాలనీ ఉంటుంది, మానకూడదనీ ఉంటుంది, రెండు కోరికలూ ఒకే మనసులో ఒకేసారి ఉంటాయి. కౌన్సెలర్ మానాలన్న పక్షం తీసుకుని వాదించడం మొదలుపెట్టగానే మిగిలిన పక్షాన్ని ఆ మనిషి తీసుకుంటాడు, తాగడానికి తనకున్న కారణాలన్నీ తన నోటితోనే చెప్పుకుంటాడు, చెప్పుకున్నకొద్దీ అవి అతనికే మరింత గట్టిగా అనిపిస్తాయి. ఒక ఆటో డ్రైవరు ఆరోగ్య కేంద్రంలో కౌన్సెలర్‌తో, "పొద్దస్తమానం బండి మీదే ఉంటాను మేడం, రాత్రి ఒక క్వార్టర్ పడకపోతే ఒళ్లు నొప్పులు తగ్గవు, మా ఆవిడతో మాత్రం రోజూ గొడవే" అన్నాడనుకుందాం. "మీ ఆవిడ చెప్పేది నిజమే కదన్నా, పిల్లల ముఖం చూసైనా మానెయ్యాలి కదా" అని కౌన్సెలర్ అంటే, "నేనేం రోడ్ల మీద పడిపోవట్లేదు మేడం, నా సంపాదనతోనే తాగుతున్నాను" అన్న జవాబు వస్తుంది, అక్కడితో సంభాషణ ముగిసిపోతుంది. అదే కౌన్సెలర్ తొందరపడకుండా, "అలిసిన ఒంటికి అదే మందులా ఉంది, ఇంట్లో గొడవ మాత్రం మనసుకు కష్టంగా ఉంది" అని అతను చెప్పినదాన్నే అర్థం చేసుకుని తిరిగి చెబితే, "గొడవ సంగతి అలా ఉంచండి మేడం, చిన్నది నా దగ్గరికి రావడమే మానేసింది" అని అతను అనే అవకాశం ఉంది. మార్పు వైపు మొగ్గు చూపే ఇలాంటి మాటను రోగి నోట రానివ్వడం, వచ్చినప్పుడు గుర్తుపట్టడం, దాన్ని వదలకుండా పట్టుకుని ఇంకాస్త చెప్పనివ్వడం ఈ వృత్తిలో అసలైన నేర్పు. పుస్తకంలో చదివితే పది నిమిషాల్లో అర్థమయ్యే ఈ సంగతి, నోటికి అలవాటు కావడానికి నెలలు పడుతుంది.

మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అని పేరున్న ఈ సంభాషణ పద్ధతి, అంటే మారాలన్న కోరికను బయటినుంచి ఎక్కించకుండా మనిషి లోపలినుంచే వెలికితీసే పద్ధతి, పుట్టింది కూడా ఒక శిక్షణ గదిలోనే. అమెరికా మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1982లో నార్వేలోని బెర్గెన్ దగ్గర ఒక చికిత్సాలయంలో యువ మనస్తత్వవేత్తలకు పాఠాలు చెబుతూ, రోగితో ఎలా మాట్లాడాలో నటించి చూపేవారు. వింటున్నవారు మధ్యలో ఆపి, ఈ ప్రశ్నే ఎందుకు అడిగారు, ఆ మాటను ఎందుకు వదిలేసి ఈ మాటనే పట్టుకున్నారు అని అడుగుతుండేవారు. తన అలవాటులో ఉండి తనకే తెలియని నియమాలను ఆ ప్రశ్నలకు జవాబులు వెతుక్కుంటూ మిల్లర్ బయటికి తీశారు, 1983లో ఒక వ్యాసంగా ప్రచురించారు. బ్రిటన్‌లో పనిచేస్తున్న స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి 1991లో పుస్తకంగా విస్తరించారు. అంటే ఒకరు పనిచేస్తుంటే పక్కన కూర్చుని గమనించి ప్రశ్నించడమన్నది ఈ పద్ధతి పుట్టుకలోనే ఉంది. తరువాతి కాలంలో లోకమంతటా దాన్ని నేర్పిన వర్క్‌షాపుల్లో చాలావాటినుంచి తప్పిపోయింది కూడా అదే.

ఆ లోటు ఎంత పెద్దదో తేల్చినవి మిల్లర్, ఆయన సహచరులు తమ బోధన మీద తామే చేసిన పరిశోధనలు. 1993లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, చికిత్సకుడు రోగిని ఎంతగా నిలదీస్తే ఆ రోగి ఏడాది తరువాత అంత ఎక్కువగా తాగుతున్నట్టు కనబడింది, కాబట్టి కౌన్సెలర్ మాట తీరు మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదని, ఫలితానికి నేరుగా సంబంధించినదని తేలింది. 2001లో ప్రచురించిన మరో చిన్న అధ్యయనంలో 22 మంది ప్రొబేషన్ అధికారులూ జైలు బయట శిక్ష గడుపుతున్నవారితో పనిచేసే కౌన్సెలర్లూ ఒక వర్క్‌షాపు పూర్తిచేశారు. తమ నైపుణ్యం బాగా పెరిగిందని వారు రాసి ఇచ్చారు. అయితే తమ దగ్గరికి వచ్చినవారితో వారు మాట్లాడిన టేపులు విన్నప్పుడు మార్పు కొద్దిగానే కనబడింది, పాత అలవాట్లు చాలావరకు అలాగే ఉన్నాయి, ఎదుట కూర్చున్న మనుషుల స్పందనలో మార్పేమీ రాలేదు. శిక్షణ చివర్లో పూరింపజేసే అభిప్రాయ పత్రాలను చూపి ఎన్ని వందల మందికి శిక్షణ ఇచ్చామో ప్రకటించే ప్రతి సంస్థా ఒకసారి ఆగి ఆలోచించవలసిన ఫలితమిది, ఎందుకంటే ఆ పత్రాల్లో నమోదయ్యేది నేర్చుకున్నామన్న భావనే తప్ప నేర్చుకున్నది కాదు.

2004లో ప్రచురితమైన తరువాతి పరిశోధన ఇంకాస్త ముందుకు వెళ్లింది. వ్యసన చికిత్సలో పనిచేస్తున్న 140 మందిని ఐదు బృందాలుగా విడదీసి, ఒక బృందానికి వర్క్‌షాపు మాత్రమే, ఒక బృందానికి వర్క్‌షాపుతో పాటు వారి టేపులు విని మార్కులతో కూడిన వివరణ, మరో బృందానికి వర్క్‌షాపుతో పాటు ఫోనులో విడివిడిగా తర్ఫీదు, నాలుగో బృందానికి ఈ రెండూ ఇచ్చి, ఐదో బృందాన్ని మొదట పుస్తకమూ వీడియోలూ చూసి సొంతంగా నేర్చుకోమన్నారు. వర్క్‌షాపుతోనే ఆగిపోయినవారిలో పెరిగిన నైపుణ్యం కొన్ని నెలల్లో జారిపోగా, తరువాత కూడా ఎవరో ఒకరు విని చెప్పినవారిలో అది నిలిచింది. రోగి మాటల్లో మార్పు కనబడింది మాత్రం వివరణా తర్ఫీదూ రెండూ అందిన బృందంలోనే. సంగీతం నేర్చుకునే పిల్ల పాడుతుంటే గురువు వినాలన్నది ఎవరికీ చెప్పనక్కరలేని సంగతి. కౌన్సెలర్ మాట విషయంలో మాత్రం అది పరిశోధన చేసి నిరూపించవలసి వచ్చింది.

భారతదేశంలో ఈ పాఠాన్ని గట్టిగా అమలుచేసి చూసిన చోటు గోవా. సంగాత్ అనే సంస్థ, విక్రమ్ పటేల్, అభిజిత్ నాద్కర్ణి తదితరుల ఆధ్వర్యంలో, మానసిక వైద్యంలో ఏ డిగ్రీలూ లేని స్థానికులను ఎంచుకుని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ప్రమాదకరంగా తాగుతున్న మగవారికి కౌన్సెలింగ్ చేసేలా తయారుచేసింది. నాలుగు విడతలకు మించని ఆ కౌన్సెలింగ్ మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ పునాది మీద కట్టినది: మొదట మనిషి తాగుడు తీరును అతనికే అద్దంలో చూపినట్టు వివరించడం, తరువాత కోరిక పుట్టినప్పుడూ స్నేహితులు గ్లాసు చేతిలో పెట్టినప్పుడూ ఏం చేయాలో సాధన చేయించడం, చివర మళ్లీ జారిపోకుండా జాగ్రత్తలు. తరగతి గది చదువు అయ్యాక కౌన్సెలర్లు పర్యవేక్షణలో నిజమైన రోగులతో పనిచేశారు, తమ సంభాషణలను రికార్డు చేశారు, బృందంగా కూర్చుని ఒకరి రికార్డును మరొకరు విని మార్కులు వేసుకున్నారు; తొలుత నిపుణులు నడిపిన ఆ సమావేశాలను క్రమంగా తోటి కౌన్సెలర్లే నడిపే స్థితికి తెచ్చారు. ఈ చికిత్స ఫలితాలను లాన్సెట్ పత్రిక 2017లో ప్రచురించింది. 377 మందితో జరిగిన ఆ పరీక్షలో, మూడు నెలల తరువాత ప్రమాదకరమైన తాగుడునుంచి బయటపడినవారు కౌన్సెలింగ్ అందినవారిలో 36 శాతం, మామూలు వైద్యమే అందినవారిలో 26 శాతం. గడిచిన రెండు వారాల్లో చుక్క ముట్టనివారు వరుసగా 42 శాతం, 18 శాతం. తాగడం కొనసాగించినవారు తాగే పరిమాణం మాత్రం తగ్గలేదన్నది కూడా ఆ పరిశోధన దాచకుండా చెప్పింది. డిగ్రీ లేనివారు ఇంత చేయగలిగినప్పుడు, దాని వెనుక ఉన్న వినే ఏర్పాటును వదిలేసి, తక్కువ జీతానికి మనుషులు దొరుకుతారన్న ఒక్క అంశాన్నే ప్రభుత్వాలు తీసుకుంటే అది ఆ పనికి అన్యాయం చేయడమే.

సంభాషణ ఒక్కటే చాలునని దీని అర్థం కాదు. కౌన్సెలర్‌కు తెలిసి తీరవలసిన విషయ జ్ఞానం ఉంది, కాకపోతే అది లెక్కకూ చేతికీ అందే రూపంలో ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఆడిట్ అనే పది ప్రశ్నల పత్రం తాగుడు తీవ్రతను అంచనా వేస్తుంది, అందులో ఒక ప్రశ్న రోజుకు ఎన్ని డ్రింకులన్నది. ఒక డ్రింకు అంటే 10 గ్రాముల శుద్ధ ఆల్కహాలు. తెలుగు నేల మీద డ్రింకుల్లో లెక్క చెప్పేవారు లేరు, నైంటీ అంటారు, క్వార్టర్ అంటారు, బీరు సీసా అంటారు. 42.8 శాతం ఆల్కహాలు ఉండే బ్రాందీ 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో సుమారు 61 గ్రాములు, అంటే ఆరు డ్రింకులు ఉంటాయి. ఐదు శాతం బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో రెండున్నర. ఈ లెక్క వేళ్ల మీద లేని కౌన్సెలర్ "రోజూ ఒక్క క్వార్టరే" అన్న మాటను ఒక్క డ్రింకుగా రాసుకునే ప్రమాదం ఉంది.

అంతకన్నా ముఖ్యమైనది, మానేయమని చెప్పడమే ఎప్పుడు ప్రాణాపాయమో తెలిసి ఉండటం. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగుతున్న మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే కొన్ని గంటల్లో చేతులు వణకడం, చెమటలు పట్టడం మొదలవుతాయి, మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మనుషులను గుర్తుపట్టలేని మతిభ్రమ కలగవచ్చు. తెలంగాణలో కల్తీ కల్లు సంగతి దీనికి మరో పొర చేర్చింది. అల్ప్రాజోలం వంటి నిద్రమందులు కలిపిన కల్లుకు అలవాటు పడినవారు, అధికారుల దాడుల వల్ల సరఫరా ఆగినప్పుడల్లా వింత ప్రవర్తనతో, మూర్ఛలతో ఆసుపత్రులకు చేరారు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం దుకాణాలు మూతపడగానే హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటి లక్షణాలతో జనం పెద్ద సంఖ్యలో వచ్చారు. కల్లు తాగుతానని చెప్పిన మనిషిని "ఏ దుకాణంలో, రోజుకు ఎన్ని సీసాలు, ఒకపూట తాగకపోతే ఏమవుతుంది" అని అడగాలని ఈ ప్రాంతపు కౌన్సెలర్‌కు నేర్పకపోతే ఆ శిక్షణ ఈ ప్రాంతానికి పనికొచ్చేది కాదు.

ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో మద్యానికి పూర్తిగా బానిసైనవారు దాదాపు 2.9 కోట్ల మంది, వారిలో ఏదో ఒక రకం చికిత్స అందినట్టు చెప్పినవారు 38 మందిలో ఒకరు. 2020 ఆగస్టు 15న మొదలైన నషా ముక్త్ భారత్ అభియాన్, 14446 హెల్ప్‌లైన్, స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలు ఈ అంతరాన్ని పూడ్చడానికి ఉద్దేశించినవే. శిక్షణ పొందినవారి సంఖ్యను పెంచడం వాటికి సులువైన పని. ప్రతి కౌన్సెలర్ సంభాషణలను, రోగి సమ్మతితో రికార్డు చేసి, నెలకు ఒకటైనా వినే పర్యవేక్షకుడి జీతానికి బడ్జెట్‌లో ఒక పద్దు పెట్టడం కష్టం, ఎందుకంటే దాన్ని ఫొటో తీసి చూపలేరు. ఈ రెండోదానికి డబ్బు లేనప్పుడు మొదటిదాని మీద పెట్టిన డబ్బులో ఎక్కువ భాగం నెలల్లోనే ఆవిరైపోతుందని పైన చెప్పిన అధ్యయనాలు చూపుతున్నాయి.

పర్యవేక్షణ అన్నింటికన్నా అవసరమయ్యేది, మానేసిన మనిషి మళ్లీ తాగి వచ్చిన రోజున. వ్యసనంలో తిరిగి జారడం అరుదు కాదని కౌన్సెలర్‌కు పాఠంలో చెప్పే ఉంటారు, అయినా తాను వారాల తరబడి శ్రమపడ్డ మనిషి ఊగుతూ వచ్చి కూర్చుంటే నిరాశ గొంతులోకి వచ్చేస్తుంది, "ఇంత చెప్పినా మళ్లీ ఎందుకు తాగారు" అన్న ప్రశ్న తెలియకుండానే నోటినుంచి జారుతుంది. అంతకుముందు ఆ మనిషి 20 రోజులు తాగకుండా ఉన్నాడనుకుందాం. ఆ 20 సాయంత్రాలు ఎటు వెళ్లాడు, ఎవరితో గడిపాడు, కోరిక పుట్టినప్పుడు ఏం చేశాడు అన్నవాటిలోనే తరువాతి ప్రయత్నానికి కావలసిన సరుకంతా ఉంది. ఆ రోజు రికార్డును వినే పర్యవేక్షకుడు మొదట చూడవలసింది, ఆ 20 రోజుల గురించి కౌన్సెలర్ అడిగారా లేదా అన్నది.