రేసు పెంచే ముందు

"గేరు తీయగానే బండి ఆగిపోతా ఉందన్నా, కొంచెం రేసు పెంచు." పాత అంబాసిడర్‌తో షెడ్డుకొచ్చేవాళ్ళు మా బుచ్చిలో మొదట అడిగేది ఇదే. కార్బురేటర్ స్క్రూ అర చుట్టు తిప్పితే బండి ఆగదు, నిజమే. కానీ ఆ అర చుట్టు చూస్తే నాకు బాధేస్తుంది. దోషం చాలాసార్లు డిస్ట్రిబ్యూటర్ మూత కింద ఉంటుంది.

అక్కడ పాయింట్లను తెరిచే చిన్న ఫైబర్ ముక్క క్యామ్ మీద రాసుకుని అరిగిపోతూ ఉంటుంది. అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, స్పార్కూ ఆలస్యమవుతుంది. ఎవరూ ఏ నట్టూ ముట్టుకోకుండానే టైమింగ్ వెనక్కి జారిపోతుంది. ఐడ్లింగ్ పడిపోవడం, పికప్ చచ్చిపోవడం, మన నెల్లూరు ఎండల్లో ఇంజను మరిగిపోవడం దాని వెంటే వస్తాయి.

అందుకే ముందు గ్యాప్ చూడాలి. ఫీలర్ గేజితో సుమారు 0.4 మిల్లీమీటర్లు. తర్వాత టైమింగ్. దానికి ఖరీదైన లైటు అక్కర్లేదు, 12 వోల్టుల బల్బు చాలు. ఒక వైరు డిస్ట్రిబ్యూటర్ టెర్మినల్‌కి, రెండోది ఎర్త్‌కి. పుల్లీ గీతను గుర్తు దగ్గర నిలిపి, ఇగ్నిషన్ వేసి, డిస్ట్రిబ్యూటర్‌ను మెల్లగా తిప్పితే పాయింట్లు విడిపోగానే బల్బు వెలుగుతుంది. అక్కడ బిగించాలి.

కంపెనీ పుస్తకంలో రాసిన టైమింగ్ డిగ్రీలు అక్కడిదాకానే పనికొస్తాయి. అవి రాసిన నాటి పెట్రోలు వేరు. 2000 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంది కనక పాత జెట్లతో మిశ్రమం పలచబడుతుంది. నాకింగ్‌ను మాత్రం ఇథనాల్ బాగా తట్టుకుంటుంది. కాబట్టి తీర్పు రోడ్డుదే. ఇంజను వేడెక్కాక నెల్లూరు-ముంబై రోడ్డెక్కి, టాప్ గేర్‌లో నలభై మీద యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి చూడండి. గులకరాళ్ళు కదిలినట్టు చప్పుడు ఆగకుండా వస్తే స్పార్కును కొద్దిగా వెనక్కి జరపాలి. చప్పుడే లేకపోతే ముందుకు జరుపుతూ పోయి, లాగుడు పెరగడం ఆగిన చోట నిలపాలి.

ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగింది. ఇప్పటి షెడ్డు కుర్రాళ్ళలో పాయింట్లు చూసినవాళ్ళు తక్కువ. ఈ వరస వాళ్ళకు నేర్పాలని నా తపన.

కార్బురేటర్ వంతు చివర్న. మిశ్రమం స్క్రూను ఇంజను తడబడేదాకా లోపలికి, మళ్ళీ తడబడేదాకా బయటికి తిప్పి, మధ్యలో మెత్తగా తిరిగే చోట వదలాలి. అప్పుడు చూడండి, ఎవరో పెంచి పెట్టిన రేసు ఎక్కువైపోయి తగ్గించాల్సి వస్తుంది.