ధవళేశ్వరం ఆనకట్ట: శిస్తు లెక్కల్లో ఉత్పాదకత

ఒక కొత్త సాంకేతికత వల్ల ఉత్పాదకత ఎంత పెరిగిందో తేల్చడానికి ముందు, ఎవరి లెక్కతో కొలుస్తున్నామో తేల్చుకోవాలి. గోదావరి డెల్టా విషయంలో ఈ మాట మరీ వర్తిస్తుంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ప్రయోజనాన్ని వలసపాలకులు ప్రధానంగా భూమిశిస్తులో చూపారు. ఆ కొలమానం పరిధిని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

శిస్తుకు ప్రాధాన్యం రావడం సహజమే. ఖర్చుకు కంపెనీని ఒప్పించాలంటే రాబడి చూపక తప్పదు. ఆర్థర్ కాటన్ వాదనలోనూ రాబడికి, చౌకైన జలరవాణాకు పెద్దపీట ఉంది. అయితే శిస్తు ప్రభుత్వానికి చేరిన భాగమే గాని భూమి పండించిన మొత్తం కాదు. శిస్తు రేటు పెరిగినా, బంజరు సాగులోకి వచ్చినా, ధాన్యం ధర పెరిగి బకాయిలు వసూలైనా రాబడి పెరుగుతుంది. వీటిని విడదీయకుండా పెరుగుదలనంతా ఆనకట్టకే జమకట్టడం సమంజసం కాదు. మరోవైపు, పడవ రవాణాలో వర్తకుడికి మిగిలిన కిరాయి ఈ లెక్కలో కనిపించదు. అంటే శిస్తు ఒకచోట ఫలితాన్ని పెంచి, మరొకచోట తగ్గించి చూపుతుంది.

కాలవ్యవధి రెండో సమస్య. కంప్యూటర్లు అంతటా కనిపిస్తున్నా ఉత్పాదకత గణాంకాల్లో కనిపించడం లేదని రాబర్ట్ సోలో 1987లో ఎత్తిచూపాడు. విద్యుత్తు ఫలితాలు కర్మాగారాల్లో కనబడడానికీ దశాబ్దాలు పట్టిందని పాల్ డేవిడ్ 1990లో వివరించాడు. ఆనకట్ట సంగతీ అంతే. కాలువల వ్యవస్థ 1852 తరువాత క్రమంగా విస్తరించింది. తొలి ఏళ్ల అంకెలతో తీర్పు చెప్పలేం.

మూడోది, దేనితో భాగిస్తున్నామన్నది. వరికోత యంత్రం ఎకరా దిగుబడిని పెద్దగా మార్చదు. పనిదినానికి వచ్చే ధాన్యాన్ని మాత్రం బాగా పెంచుతుంది. ఆ పనిదినాలు కోల్పోయిన కూలీల నష్టం ఈ రెండు లెక్కల్లోనూ లేదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంటవిరామం ప్రకటించినప్పుడు ప్రభుత్వం మోహన్ కందా కమిటీని నియమించవలసి వచ్చింది. కాలువల కింది సారవంతమైన భూమిలోనే సాగు గిట్టుబాటు కాలేదంటే, దిగుబడి వేరు, రైతు ఆదాయం వేరు అని స్పష్టమవుతోంది.

కాటన్‌కు దక్కిన 'అపర భగీరథుడు' అన్న ప్రశస్తి ప్రజల కృతజ్ఞతకు సాక్ష్యం. దానిని కొలమానంగా వాడలేం. దిగుబడి, శిస్తు, కూలి అనే మూడు లెక్కలనూ వేర్వేరుగా నిలపాలి. రికార్డుల్లో చోటు దక్కని కూలి లెక్కను పడవవాళ్ల, కోతకూలీల మౌఖిక కథనాల్లో వెతకడం తెలుగు పరిశోధకులు చేపట్టదగిన పని.