దూరప్రయాణములో ఉన్నవాని పండుగ: సంఖ్యాకాండము 9:6-14 పఠనముపై ఒక విమర్శ

2025లో డిసెంబరు 25 గురువారము వచ్చింది. కువైట్‌లో అది సెలవుదినము కాదు. బోరంచ నుండి వెళ్లి అక్కడ కాపురముంటున్న ఒక క్రైస్తవ కుటుంబము, తండ్రికి వారపు సెలవు దొరికిన మరునాటి శుక్రవారమే క్రిస్మస్ ఆచరించింది. ఈ సంగతి మా ప్రాంత కాపరుల కూడికలో ప్రస్తావనకు రాగా, తారీఖు మార్చితే అది క్రిస్మస్ ఎలా అవుతుందని ఒకరు, సంఖ్యాకాండము 9:10 అనుమతిస్తున్నది గదా అని మరొకరు వాదించారు. ఇద్దరూ తొందరపడ్డారని మా అభిప్రాయము.

మొదటి వాదమునకు ఎక్కువ జవాబు అక్కరలేదు. క్రీస్తు జన్మదినమునకు క్రొత్త నిబంధన తేదీ ఇవ్వలేదు. అర్మేనియా సంఘము జనవరి 6న, ఐగుప్తులోని కోప్టిక్ సంఘము జనవరి 7న ఆచరిస్తున్నాయి.

రెండవది మనకు ఇష్టమైన వాదము గనుక జాగ్రత్తగా పరీక్షించాలి. పస్కాను పరదేశములోనే చేసికొమ్మని ఆ వచనము చెప్పటంలేదు. దూరప్రయాణములో ఉన్నవాడు రెండవ నెల పదునాలుగవ దినమున ఆచరించవచ్చునని మాత్రమే అంటున్నది. ద్వితీయోపదేశకాండము 16:5-6తో కలిపి చదివితే, అతడు తిరిగివచ్చి ఆచరించవలెనని తేలుతుంది. కాబట్టి కువైట్ శుక్రవారమునకు దీనిని చట్టముగా చూపలేము. పైగా, వీలుండి కూడా పండుగ మానినవానికి శిక్ష చెప్పే 13వ వచనమును ఎవరూ ఎత్తరు. (ఊరిలోనే ఉండి, క్రొత్త బట్టలతో పండుగ సరిపెట్టుకొనే మనవారికి అది తగులుతుందని కాబోలు.)

అయితే ఈ భాగములో ఇంకొక సంగతి ఉన్నది. మోషే యొద్దకు వచ్చినవారు శవమును ముట్టి అపవిత్రులైనవారు. వారు తమ సంగతే అడిగారు. ప్రయాణస్థుని గూర్చి ఎవరూ అడుగలేదు. అడుగుటకు అతడు అక్కడ లేడు. యెహోవాయే తన జవాబులో అతనిని చేర్చాడు. హెబ్రీ మూలములో "దూరమైన" అను మాట చివరి హే అక్షరముపై ఒక చుక్క ఉన్నది. మిష్నాలో (పెసాహీము 9:2) రబ్బీ అకీబా మోదీను పట్టణము మొదలుకొని దూరమే అంటే, రబ్బీ ఎలీయెజెరు దేవాలయ ఆవరణపు గడప దాటితేనే దూరమన్నాడు. ఆ చుక్క ఉన్నది ఇందుకేనని రబ్బీ యోసే వివరించాడు. ఈ లెక్కన, గడప దగ్గరే ఉండి లోపలికి రాలేనివాడు కూడా దూరస్థుడే. కువైట్ నగరములోని నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణలో అనేక భాషల సంఘములు కూడుకొంటాయి. గురువారము డ్యూటీలో ఉన్నవానికి ఆ గేటు ఎంత దూరము? సౌదీలోనైతే గేటు కూడా లేదు, గదిలో ప్రార్థనే.

ఆ కుటుంబపు తల్లి మాకు ఫోను చేసి, "అయ్యగారూ, మాది పండుగ కిందికి వస్తదా?" అని అడిగింది. తారీఖును గూర్చి పై సంగతులన్నీ వివరించాము. ఫోను పెట్టిన తరువాత గాని మాకు గుర్తు రాలేదు. 25వ తేదీ ఉదయము బోరంచ ఆరాధనలో వారు పంపిన కానుకను పేరు పెట్టి చదివాము, రశీదు వ్రాశాము. ఆ వేళ పనిలో ఉన్న ఆ తండ్రి పేరు ప్రార్థనలో ఎత్తలేదు.