గుర్రం కాళ్ల సందులోంచి ఎడో నగరం

పటంలో సగం గుర్రం పిర్రలే. తోక, వెనక కాళ్లు, గిట్టలకు తొడిగిన గడ్డి చెప్పులు, కింద నేలమీద పేడ. ఆ కాళ్ల సందులోంచి చూస్తే అవతల ఒక వీధి. వరసగా చెక్క ఇళ్లు, టీ దుకాణాలు, వచ్చేపోయే మనుషులు. జపాన్ చిత్రకారుడు హిరోషిగే 1857లో వేసిన ఈ బొమ్మ పేరు ‘యోత్సుయా, నైతో షింజుకు’. పేరుమోసిన చోట్ల బొమ్మలంటే ముచ్చటపడి కొనుక్కునే జనానికి ఆయన చూపించింది ఇదీ! సరుకు గుర్రాల వెనకాల నడిచి వచ్చినవాడికి ఆ పేట ఎలా కనబడుతుందో సరిగ్గా అలాగే చూపించాడు. (టోక్యోలో నిత్యం కిక్కిరిసి ఉండే షింజుకు రైల్వే స్టేషన్ ఇప్పుడు ఆ చుట్టుపక్కలదే.)

ఇది ‘ఎడోలో నూరు ప్రసిద్ధ దృశ్యాలు’ అనే వరసలోని పటం. నూరన్నది పేరుకే. హిరోషిగేవి 118, ఆయన పోయాక శిష్యుడు రెండో హిరోషిగే చేర్చింది ఒకటి, వాటి మీద ఒక విషయసూచిక పటం. ఉవోయా ఎయికిచి అనే ప్రచురణకర్త 1856 నుంచి 1859 దాకా వీటిని విడివిడిగా అమ్మకానికి తెచ్చాడు. ఎడో అంటే నేటి టోక్యో. అప్పటికే పది లక్షల జనం, దాదాపు అంతా చెక్కతో కట్టిన ఊరు. ఊళ్లనూ కట్టడాలనూ బొమ్మకట్టిన మహానుభావులు లోకంలో చాలామంది ఉన్నారు గానీ, నా లెక్కలో హిరోషిగేదే పెద్దపీట. ఆయన ఏ గుడినీ ఏ వంతెననూ ఒంటరిగా నిలబెట్టి చూపించడు. ముందు ఎవరో అడ్డం వస్తారు, లేదా ఏదో వేలాడుతూ ఉంటుంది. ఆ అడ్డమే ఆయన పటంలో వీధి.

హిరోషిగే పుట్టింది 1797లో, ఎడో కోట దగ్గర యాయోసు అగ్నిమాపక దళం నివాసాల్లో. తండ్రిది ఆ దళంలోనే ఉద్యోగం. 1809లో తల్లిదండ్రులిద్దరూ పోతే, మీసాలు రాని వయసులో ఆ కొలువు ఇతనికి దక్కింది. తర్వాత తొయోహిరో అనే చిత్రకారుడి దగ్గర బొమ్మలు నేర్చుకున్నాడు. ఈ అగ్నిమాపక దళం సంగతి జీవితచరిత్రల్లో ఒక వాక్యంగా దాటిపోతుంది గానీ, పటాలు చూస్తుంటే నాకు మళ్లీ మళ్లీ గుర్తొస్తుంది. మాటిమాటికీ తగలబడే ఊళ్లో మంటలార్పే పనిలో పెరిగినవాడికి ఏ కప్పు ఏ కప్పును ఆనుకుని ఉందో, ఏ సందు ఎక్కడ తేలుతుందో పట్టకుండా ఎలా ఉంటుంది? కొఆమిచో రేవు పటంలో ఏటి ఒడ్డున బారుగా పోయే గిడ్డంగులు చూడండి. మందపాటి మట్టి గోడలకు సున్నపు పూత. నిప్పు అంటకుండా సరుకు దాచుకునే కట్టడాలవి. వాటిని ఆయన అలంకారానికి వేసినట్టు ఉండదు, పని తెలిసి వేసినట్టుంటుంది.

1855 నవంబరు 11 రాత్రి ఎడోలో పెద్ద భూకంపం వచ్చింది. వేలమంది పోయారు. ఇళ్లు కూలడం ఒక ఎత్తు, ఆ వెనక చెలరేగిన మంటలు ఒక ఎత్తు. ఈ వరస మొదలైంది ఆ మరుసటి ఏడే. కూలిన గోడ గానీ కాలిన దూలం గానీ ఇందులో ఎక్కడా కనబడదు. కానీ ప్రతి పటం అంచున అధికారుల తనిఖీ ముద్ర ఉంది, దాంట్లో ఏడాదీ నెలా ఉన్నాయి. వాటిని బట్టి చూస్తే వేరే కథ బయటపడుతుంది. భూకంపానికి అసాకుసా గుడి పగోడా శిఖరం మీది లోహపు కొస వంగిపోయింది. 1856లో దాన్ని సరిచేశారు. ఆ ఏడే హిరోషిగే అసాకుసా పటం వచ్చింది: ఎర్రటి ద్వారం, ఎర్రటి పగోడా, అంతటా తెల్లటి మంచు, పైన సగానికి తెగిన పెద్ద ఎర్ర లాంతరు. పగోడా కొస నిటారుగా ఉంది. ఎరుపూ తెలుపూ జపాన్‌లో శుభకార్యాల రంగులు. గుడి కోలుకున్న సంబరమే ఈ పటమని కొందరు పరిశోధకులు అంటారు. నాకూ అలాగే తోస్తుంది. అదే సంవత్సరం వచ్చిన సారువాకామాచి వెన్నెల రాత్రి పటం కూడా అలాంటిదే. భూకంపం మంటల్లో కాలిపోయిన నాటకశాలల వీధి అది. పటంలో మాత్రం నాటకశాలలు మళ్లీ దీపాలతో నిలబడ్డాయి, జనం తిరుగుతున్నారు, కుక్కపిల్లలు ఆడుతున్నాయి, నిండు చంద్రుడి వెలుగులో ప్రతి మనిషి కాళ్ల దగ్గరా నీడ పడింది. జపాన్ చెక్క అచ్చుల్లో నీడలు వేయడం చాలా అరుదు. ఇక్కడ వేశాడంటే ఆ రాత్రి వీధికి అవి కావాలి.

ఇంతకీ ఈ పటాలు ఎవరి చేతి పని? హిరోషిగే సంతకం పెద్దది, నిజమే. కానీ ఆయన చేసింది గీత వరకే. పలచటి కాగితం మీద సిరాతో గీసి ఇస్తే, చెక్కేవాడు ఆ కాగితాన్ని చెర్రీ చెక్క మీద బోర్లా అతికించి, కాగితంతో సహా చెక్కేసేవాడు. అసలు గీసిన బొమ్మ ఆ పనిలోనే నశించేది. పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్లకు మిగతాది తేలికగా అర్థమవుతుంది: గీతకు ఒక అచ్చు, ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. పెడనలో అచ్చును చేత్తో పట్టి గుడ్డ మీద అద్దుతారు. ఇక్కడ చెక్క వెల్లకిలా ఉంటుంది. దానికి రంగు పూసి, తేమ పట్టించిన కాగితం పరిచి, వెదురు పొరతో చుట్టిన బారెన్ అనే గుండ్రటి బిళ్లతో వెనకనుంచి రుద్దుతారు. ప్రతి చెక్కకూ ఒక మూల, ఒక అంచున చిన్న గంట్లు ఉంటాయి. కాగితం ఆ గంట్లలో కూర్చుంటేనే రంగు గీతలోపల పడుతుంది. వెంట్రుకవాసి జరిగినా మనిషి మొహం రంగు పక్క గోడకు అంటుతుంది.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది బొకాషీ అనే పద్ధతి. ఆకాశం పైన ముదురు నీలంగా మొదలై కిందికి వచ్చేసరికి కాగితం తెలుపులో కలిసిపోతుంది కదా, అది చెక్కలో లేదు. చెక్క అంతా ఒకే చదును. అచ్చువేసేవాడు తడిగుడ్డతో చెక్కను తుడిచి, ఒక కొసన రంగు పెట్టి, కుంచెతో లాగుతాడు. తడి ఉన్నచోట రంగు పలచబడుతుంది. ఒక ప్రతి అయ్యాక మళ్లీ తుడవాలి, మళ్లీ లాగాలి. ఐరోపా నుంచి వచ్చిన ప్రష్యన్ నీలం ఈ పనికి బాగా కుదిరింది. ప్రతిసారీ చేత్తో లాగాల్సిందే కాబట్టి ఏ రెండు ప్రతులూ అచ్చంగా ఒకలా ఉండవు. తొలి విడత ప్రతిని, తర్వాతి విడతదాన్ని పక్కపక్కన పెట్టి చూడాలి. రెండోదాంట్లో ఆకాశం ఒకే రంగు పట్టీగా మిగిలిపోతుంది, ఒక్కోసారి ఆ వన్నె పూర్తిగా ఎత్తేస్తారు. సాయంత్రం పోయి మామూలు పగలు వస్తుంది. బొమ్మ అదే, గీత అదే, పొద్దు మాత్రం మారిపోతుంది.

షిన్ ఓహాషి వంతెన మీద వాన పటం (1857) చూస్తే గీసేవాడు, చెక్కేవాడు, అచ్చువేసేవాడు, ఈ ముగ్గురి పనీ ఒకేచోట కనబడుతుంది. పైన నల్లటి మబ్బు. దానికి చెక్కలో హద్దు లేదు, అచ్చువేసేవాడి చేతి నేర్పుతో తేలిన ఆకారం. వానగీతలు రెండు వాలుల్లో ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి పడి గాలి తిరుగుడు తెలుస్తుంది. సన్నటి గీత అచ్చులో పడాలంటే దాని రెండు వైపులా చెక్కనంతా తవ్వేసి, ఆ ఒక్క పోగును విరగకుండా నిలబెట్టాలి. పటం పొడవునా అలాంటివి ఎన్నో. ఇక గీతగాడి పని చూడండి. వంతెన ఏటవాలుగా తెగింది, దూరపు ఒడ్డు ఇంకో వైపు వాలింది. మనుషులు గొడుగుల కింద, గడ్డి చాపల కింద నడుములు వంచి పరిగెడుతున్నారు, ఏటి మీద తెప్ప నడిపేవాడు ఒక్కడే తన పని మానలేదు. వాన్ గో 1887లో దీన్ని నూనెరంగుల్లో మళ్లీ వేశాడు. ఆయన మీద గౌరవం ఉంచుకునే అంటున్నాను, ఆ వాన బరువెక్కింది. అందులో తడి కన్నా రంగే ఎక్కువ.

కాండా అద్దకంపేట పటంలో కట్టడాలు దాదాపు కనబడవు. ఎత్తైన కర్రల మీదినుంచి ఆరేసిన గుడ్డలు పొడుగ్గా దిగుతుంటాయి, నీలీ తెలుపూ. వాటి మధ్య సందులో చిన్నగా ఫుజి కొండ. గుడ్డల మీది గుర్తులు చూస్తే ఒకటి ప్రచురణకర్తది, ఇంకొకటి హిరోషిగే పేరులోని అక్షరాలతో అల్లింది. ఊరి బొమ్మలో తమ దుకాణం బోర్డు తామే కట్టుకున్నారన్నమాట! నిహొన్‌బాషి తోరి వీధి పటంలో (1858) పెద్ద బట్టల కొట్టు షిరోకియా ముందు వీధిని పైనుంచి చూపించాడు. ఎండకు పట్టిన గొడుగులు మొహాలన్నీ మూసేశాయి. ఒక పెద్ద గొడుగు కింద వీధి నాట్యగాళ్లు, వెనక షమిసెన్ వాయించే స్త్రీ, ఒక పక్క నూడుల్స్ పెట్టెలు మోసుకుపోయే కుర్రాడు. మొహం ఒక్కటీ లేకుండానే ఎవరి బతుకుతెరువు ఏమిటో తెలిసిపోతుంది.

మన్నెన్ వంతెన పటంలో తాబేలు తాడుకు కట్టి వేలాడుతోంది. పండగరోజు కొని నీటిలో వదిలితే పుణ్యమని అమ్మేవాళ్లు. హనేదా రేవు పటంలో పడవవాడి రోమాల కాలూ చెయ్యీ తప్ప మనిషి లేడు, వాటి మధ్యలోంచి గుడి. (అక్కడ ఇప్పుడు విమానాశ్రయం.) తకనావా దగ్గర బండిచక్రం, తినేసిన పుచ్చకాయ తొక్కలు, పక్కన కుక్కపిల్లలు, పైన ఇంద్రధనుస్సు. తొరినోమాచి పండగ పటంలో కిటికీలో కూచున్న తెల్లపిల్లి వంటిమీద రంగు లేదు. కాగితాన్ని ఒత్తి ఉబ్బెత్తుగా తెచ్చారు. పక్కనుంచి వెలుగు పడితేనే అది తెలుస్తుంది, పుస్తకంలోని ముద్రణలో తెలియదు.

అన్నీ ఇంత బాగుంటాయనుకోకండి. దగ్గరి వస్తువును పెద్దది చేసి దూరాన్ని కుదించే ఈ ఎత్తు కొన్నాళ్లకు అలవాటుగా మారింది. కొన్ని పటాల్లో అడ్డం వచ్చిన వస్తువుకూ వెనక ఉన్న చోటుకూ ఏ సంబంధమూ ఉండదు. కొన్నిటి కూర్పు 1834–36 మధ్య వచ్చిన ‘ఎడో మేషో జుయే’ అనే సచిత్ర గ్రంథం నుంచి తీసుకున్నదే, అన్నీ అక్కడ కూచుని గీసినవి కావు. వెనక సందుల్లో బీదవాళ్లు కిక్కిరిసి ఉండే వరస గదులు ఈ ‘ప్రసిద్ధ దృశ్యాల్లో’ చేరనే లేదు. కొనేవాళ్లకు ఊరు శుభంగా కనబడాలన్నది ప్రచురణకర్త లెక్క. అందులో తప్పు పట్టలేం గానీ, ఎడో అంతా ఇదేనని నమ్మితే మాత్రం మోసపోతాం.

తర్వాత ఆ ఊరు చాలాసార్లు పోయింది. 1868లో పేరు మారింది, 1923 భూకంపంలో చాలా భాగం కాలింది, 1945 బాంబు దాడుల్లో అసాకుసా గుడీ పగోడా బూడిదయ్యాయి. లాంతరు వేలాడిన ముందు ద్వారం అంతకు ముందే, 1865లో తగలబడింది. మళ్లీ కట్టింది 1960లో. నిహొన్‌బాషి వంతెన మీద ఇప్పుడు ఎక్స్‌ప్రెస్‌వే పరుచుకుని ఉంది.

హిరోషిగే 1858లో పోయాడు, ఊళ్లో కలరా ఉన్న రోజులు. మూడు పటాల మీద తనిఖీ ముద్ర ఆయన పోయిన తర్వాతి నెలది. వాటిలో ఒకటి బికుని వంతెన మంచు పటం. మాంసం తింటామని పైకి చెప్పుకోని కాలంలో అడవిపంది మాంసం అమ్మే కొట్టు ‘కొండ తిమింగలం’ అని రాసిపెట్టుకున్న నిలువు బోర్డు, పటం ఎడమ అంచున అడ్డంగా నిలబడి ఉంటుంది. ఎదురుగా కాల్చిన చిలగడదుంపల కొట్టు. ఇది శిష్యుడి పనేమోనని అనుమానం ఉంది. ఆ బోర్డు శిష్యుడు పెట్టిందే అయితే, గురువుగారి దగ్గర నేర్వవలసింది అతను నేర్చాడనే అనాలి. 1859లో తన పేరుతో చేర్చిన అకాసకా వాన పటం చూసినప్పుడు మాత్రం నాకు ఆ నమ్మకం కలగదు. అందులో చెట్లూ నీళ్లూ బాటా మర్యాదగా ఎడమెడంగా సర్దుకున్నాయి, ఏదీ మన మీదికి రాదు.