నాలుగు గీతలకు నమస్కారం

నాలుగు గీతలారా, మీకు నా వేళ్ల నమస్కారం.

కాగితం మీద మీరెంత బీదగా ఉంటారో! రాగం పేరుండదు, తోకల చుక్కలుండవు. అడ్డంగా నాలుగు గీతలు, వాటి మీద అక్కడక్కడా 0, 3, 5. ఏ తీగ మీద ఎన్నో ఫ్రెట్ దగ్గర నొక్కాలో చెప్పి ఊరుకుంటారు. వీణ వాయించేవాళ్లు మెట్టు అనేదాన్నే మేం ఫ్రెట్ అంటాం. సున్నా ఉంటే ఎక్కడా నొక్కకుండా ఒట్టి తీగ మీటాలి. మా ఊళ్లో బేస్ గిటార్ నేర్పేవాళ్లు లేరు. పాశ్చాత్య స్వరలిపి చదవడం నాకు రాదు. అలాంటివాణ్ని చెయ్యి పట్టుకుని రాక్ సంగీతం లోపలికి నడిపించింది మీ బీదతనమే.

మీ పేరు ట్యాబ్లేచర్. మేం ట్యాబ్ అని ముద్దుగా పిలుచుకుంటాం గానీ, మీ వయసు తలుచుకుంటే మీరని పిలవాలనిపిస్తుంది. 1507లో వెనిస్‌లో పెట్రూచి అనే ముద్రాపకుడు ల్యూట్ వాద్యం కోసం అచ్చువేసిన పుస్తకంలోనూ ఇవే గీతలు, గీతల మీద ఇవే అంకెలు. అప్పుడు ఆరు గీతలుండేవి. నా బేస్‌కు నాలుగే తీగలు గనక నా దగ్గరికి వచ్చేసరికి నాలుగయ్యాయి. 1951లో లియో ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్ గిటార్ తెచ్చింది. ఫ్రెట్లుండడం వల్ల స్వరం తప్పకుండా పలుకుతుందని దానికి ఆ పేరు. మనిషంత ఎత్తు డబుల్ బేస్‌ను నిలబెట్టి వాయించాల్సిన అవసరం పోయి, మంద్రస్థాయి భుజానికి తగిలించుకునేదయింది.

మొదట్లో మీరు నన్ను బాగా తికమకపెట్టారు. అన్నిటికన్నా లావు తీగను కాగితం మీద అట్టడుగున గీస్తారు. గిటార్ ఒళ్లో పెట్టుకుని తల వంచి చూస్తే అదే తీగ నా ముఖానికి దగ్గరగా, అన్నిటికన్నా పైన ఉంటుంది. వారం రోజులు కిందికి చూసి పైన మీటాను, పైకి చూసి కింద మీటాను. ఎనిమిదో రోజునో తొమ్మిదో రోజునో కళ్లూ వేళ్లూ రాజీపడ్డాయి.

ఆ లావు తీగ పేరు ఇ. ఒట్టిగా మీటితే సెకనుకు దాదాపు 41 సార్లు ఊగుతుంది. కాస్త వంగి చూస్తే ఆ ఊగడం కంటికి కనిపిస్తుంది, తీగ ఉండాల్సిన చోట సన్నటి పొగలాగా. ఫోన్ స్పీకర్‌లో పాట పెడితే ఈ అడుగు ధ్వని దాదాపుగా మాయమైపోతుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, గాయకుణ్ని పక్కకు జరిపి, డ్రమ్స్ కింద వెతికి పట్టుకోవాలి. ఇంట్లో అందరూ పడుకున్నాక ఆంప్లిఫయర్ కట్టేసి, గిటార్ పైకొమ్ముకు దవడ ఆనించి వాయిస్తాను. చప్పుడు గది దాటదు. నా ఎముకల్లో మాత్రం పాట మోగుతూనే ఉంటుంది.

మీరు నాకిచ్చిన తొలి పెద్ద పాఠం జాన్ డీకన్‌ది. క్వీన్ అనే రాక్ బృందంలో బేస్ వాయించిన, అందరికన్నా తక్కువ మాట్లాడే మనిషి. ఆయన రాసిన ‘అనదర్ వన్ బైట్స్ ద డస్ట్’ 1980లో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. ప్రధాన వరస అంతా లావు తీగ ఒక్కదాని మీదే పలుకుతుంది: సున్నా, మూడు, అయిదు. ఇంతేనా అనుకున్నాను. గంటలో అంకెలన్నీ వచ్చేశాయి, పాట రాలేదు. మళ్లీ విన్నాను, మళ్లీ మళ్లీ విన్నాను. అప్పుడు తెలిసింది, ఆయన మీటిన వెంటనే తీగ నోరు మూస్తున్నాడు. స్వరానికీ స్వరానికీ నడుమ చీకటి గదిలా ఖాళీ. ఆ ఖాళీలోకి డ్రమ్ము అడుగుపెడుతోంది. మీటడం కుడిచేతి పని. ఆపడం ఎడమచేతి పని: నొక్కిన వేలిని తీగ మీంచి పూర్తిగా తీయకుండా, ఒత్తిడి మాత్రం సడలించి, ఒట్టి తీగనయితే వేళ్లన్నీ మెత్తగా ఆనించి. నాలుగు గీతల మీద ఆ ఖాళీకి అంకె లేదు. వేళ్ల కొసలు కాయలు కాచేదాకా వాయించాను, ఆ నిశ్శబ్దం కోసమే.

ఎక్కడ నొక్కాలో మీరు చెబుతారు. ఎప్పుడు, ఎంతసేపు అన్నది చెవి చెప్పాలి. దీన్ని మీ లోపమని నేననను. సుబ్బరామ దీక్షితులు 1904లో కర్ణాటక కృతుల స్వరలిపి గ్రంథం సంగీత సంప్రదాయ ప్రదర్శినిని తెలుగు లిపిలో వెలువరించినప్పుడు గమకాలకు ప్రత్యేకంగా గుర్తులు పెట్టారు. అంత శ్రద్ధగా రాసిన పుస్తకాన్ని కూడా అందులోని కృతులు విని ఉన్న చెవితోనే చదవాలి. మీ దగ్గరున్న గుర్తులు మరీ కొద్ది. హెచ్ అంటే వేలితో తీగను కొట్టి స్వరం పుట్టించడం, పి అంటే లాగి వదలడం, వాలుగీత అంటే జారడం. మిగతాదంతా వింటాడులే అని నన్ను నమ్మారు.

పింక్ ఫ్లాయిడ్ బృందం ‘మనీ’ దగ్గర మాత్రం చాలా రోజులు ఆగిపోయాను. 1973 నాటి పాట, రోజర్ వాటర్స్ రాసింది. అంకెలు సరిగ్గానే నొక్కుతున్నాను, ప్రతి చుట్టులోనూ ఒక అడుగు ఎక్కువేస్తున్నాను. పాట ఏడు దెబ్బల్లో తిరుగుతోంది, నా కాలు ఎనిమిది కొడుతోంది. ఒక సాయంత్రం గిటార్ పక్కన పెట్టి తొడ మీద తాళం వేశాను: తకిట తకధిమి, తకిట తకధిమి. చిన్నప్పుడు పక్కింటి పాట క్లాసులోంచి గోడ దాటి వచ్చిన మిశ్రచాపు. మూడూ నాలుగూ ఏడు. లండన్‌లో రికార్డయిన పాట ఆ తాళంలో వచ్చి కుదురుగా కూర్చుంది. మధ్యలో గిటార్ సోలో దగ్గర పాట నాలుగు దెబ్బలకు మారుతుంది. అక్కడ ఒంట్లో కలిగే హాయి, ఇరుకు సందులోంచి ఊరి చెరువుగట్టు మీదికి వచ్చినట్టుంటుంది.

మొన్న ఆదివారం పొద్దున ఆంప్ పెట్టి డీకన్ పాట మొదలుపెట్టాను. కాగితం ముందే ఉంది, చూడలేదు. సున్నా మీటినప్పుడల్లా వంటింట్లో స్టాండు మీద స్టీలు గ్లాసులు జుమ్మంటున్నాయి. నేను తీగ ఆపగానే అవీ ఆగుతున్నాయి. చప్పుడు తగ్గించమంటుందేమోనని అమ్మ వైపు చూశాను. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది.

“ఏరా, ఇందాక ఆగి ఆగి మోగిందే, అది మళ్లీ వాయించు.”