వాల్తేరు పుర్రె, లండన్ పరీక్ష

తెనాలి, రేపల్లె వైపు చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లకు వాల్టర్ ఎలియట్ అంటే అమరావతే గుర్తొస్తుంది. 1845లో అక్కడి శిల్పాలను తవ్వించిన దొర ఆయనే. తర్వాత విశాఖపట్నంలో ఉన్నప్పుడు తీరంలో దొరికిన డాల్ఫిన్ల, తిమింగలాల పుర్రెలను, బొమ్మలను దాచాడు. అవి లండన్‌లో రిచర్డ్ ఓవెన్ చేతికి చేరాయి.

ఓవెన్ 1827లో సర్జన్ల కళాశాల మ్యూజియంలో సహాయకుడిగా చేరాడు. 1856లో బ్రిటిష్ మ్యూజియం ప్రకృతి శాస్త్ర విభాగాలకు పెద్ద అయ్యాడు. కొత్త మ్యూజియం కడితే తిమింగలాలు పట్టేంత చోటు ఉండాలని పట్టుబట్టాడు.

ఎలియట్ దాచినవాటిలో, 1853లో వాల్తేరు దగ్గర దొరికిన తిమింగలం పుర్రె చూడటానికి వంకరగా పుట్టినట్టుంటుంది. మూతి ఎముక పొట్టి, వెడల్పు. దాని వెనక నుదుటి ఎముక పళ్లెంలా గుంటపడి ఉంటుంది. ఆ గుంటను నిలువుగా రెండుగా చీల్చే ఎముక గోడ నడిమధ్యన ఉండదు, ఓ పక్కకు ఒరిగి ఉంటుంది. ముక్కు రంధ్రాల్లో ఎడమది కుడిదానికంటే ఎన్నో రెట్లు పెద్దది. ఈ వంకర లోపం కాదు. గుంటలో నూనె నిండిన అవయవం కూర్చుంటుంది. కుడి నాళం చివర పుట్టిన శబ్దం దాని గుండా ముందుకు పోతుంది. ఊపిరి పని ప్రధానంగా ఎడమ నాళానిది. శబ్దం సంగతి తేల్చింది తర్వాతి తరాలే.

ఓవెన్ ఆ జంతువును బతికుండగా చూడలేదు. అయినా 1866లో ఒక వ్యాసంలో దాన్ని కొత్త జాతిగా వర్ణించాడు. విశాఖ రేవులో 1852లో దొరికిన మొండిమూతి డాల్ఫిన్ కూడా ఆ వ్యాసంలోదే. ఇప్పుడు చిలికా సరస్సులో పర్యాటకులు పడవెక్కి చూసేది ఆ జాతినే.

తిమింగలం మాటకొస్తే, ఇది కొత్త జాతి కాదు, దీనికి దగ్గరి బంధువైన మరో పెద్ద జాతేనని చాలామంది శాస్త్రవేత్తలు కొట్టిపారేశారు. వందేళ్లకు, 1966లో, స్మిత్సోనియన్ మ్యూజియంలో పనిచేసే చార్లెస్ హ్యాండ్లీ పుర్రెలన్నీ వరసపెట్టి కొలిచాడు. మూతి కొస నుంచి, పుర్రె మెడపూసతో కలిసే బుడిపెల దాకా చిన్న జాతిలో సుమారు 30 సెంటీమీటర్ల లోపు, పెద్దదాంట్లో 39 పైన. ఎదిగినవాటిలో మధ్యలో ఏదీ లేదు. ఓవెన్ మాటే నిలిచింది.

బాపట్ల సూర్యలంకలోనో, నిజాంపట్నంలోనో అలాంటిది కొట్టుకొస్తే, గొయ్యి తీసి పూడ్చేముందు కింది దవడలో ఒక పక్క పళ్లు లెక్కపెట్టడం ఐదు నిమిషాల పని. 11 లోపైతే చాలావరకు వాల్తేరు జాతే.