సరిహద్దు మాట, తెర మాట

'సినిమా బండి' (2021)ని నేను తోరణగల్లులో, ఉక్కు కర్మాగారం షిఫ్టు దిగి వచ్చిన మిత్రులతో కూర్చుని చూశాను. ఆటోడ్రైవరుకు దొరికిన కెమెరాతో పల్లెజనం సినిమా తీసే కథ. దర్శకుడు ప్రవీణ్ కండ్రేగుల, రచయిత వసంత్ మరింగంటి. మధ్యలో ఒకే హాస్యం తిరిగి తిరిగి వస్తుంది, నిజమే. కానీ నన్ను పట్టుకున్నది మాట. ఆంధ్ర-కర్ణాటక సరిహద్దు తెలుగు, ఎవరూ దిద్దకుండా తెర మీద వినబడింది! మన యాస తెరకెక్కితే విలన్‌కో, నవ్వించేవాడికో దక్కడమే కదా అలవాటు.

ఇది ఊరికే జరగలేదు. హిందీలో పేరు తెచ్చుకున్న రాజ్, డీకేలు కొత్తవాళ్లకు నిర్మాతలుగా నిలబడ్డారు. మన జిల్లాలో రాసే కుర్రవాడికి ఆ అండ ఏదీ? పుణె సంస్థలో స్క్రీన్‌ప్లే నేర్పుతారు. హైదరాబాదులో అన్నపూర్ణ వారి బడి 2011 నుంచి ఉంది. ఫీజూ మకాం ఖర్చూ తట్టుకోగలవాడు వెళ్తాడు. తక్కినవాడికి పేరు పడని ఘోస్టు రచనే గతి. మల్లాది రామకృష్ణశాస్త్రి అంతటివారికే అది తప్పలేదంటారు.

బళ్ళారిలో ఒకప్పుడు బడి లేకున్నా గురువు ఉండేవాడు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకం రాసి, తామే వేషం కట్టేవారు. మేనల్లుడు రాఘవ ఆ నీడలోనే ఎదిగాడు. కోలాచలం శ్రీనివాసరావుగారి సుమనోరమ సభ మరో పక్క.

మన తెలుగు సంఘాలు ఉగాది పందిళ్ల ఖర్చులో కొంత తీసి, ఏటా ముగ్గురి స్క్రిప్టులు అనుభవజ్ఞుడైన రచయితతో చదివించవచ్చు. సన్నివేశం సాగితే కత్తిరించమనండి. యాస జోలికి మాత్రం పోవద్దని ముందే చెప్పాలి.